భారలోహాలు చేరిన నేలను మొక్కలతో బాగుచేసే విధానం

పాత బ్యాటరీలు కరిగించిన చోట, లోహాల పూతపని చేసే షాపుల మురుగు పారిన చోట నేలలో సీసం, కాడ్మియం వంటి భారలోహాలు పేరుకుంటాయి. మొక్కలు వాటిని నశింపజేయలేవు. వేళ్లతో పీల్చుకుని కాండానికీ ఆకులకూ చేర్చడమో, వేళ్ల దగ్గరే కదలకుండా పట్టి ఉంచడమో చేస్తాయి. కాబట్టి ఏ లోహం ఎంత ఉందో తెలియకముందే విత్తనం కొనడం దండగ.

ప్రభుత్వం ఇచ్చే భూసార పరీక్ష పత్రమైన సాయిల్ హెల్త్ కార్డులోని 12 అంశాల్లో జింకు, రాగి ఉన్నాయి గాని సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేవు. అందువల్ల భారలోహాలను పరీక్షించే ప్రయోగశాలకే మట్టి పంపాలి. పొలంలో పలుచోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, ప్లాస్టిక్ తొట్టిలో కలిపి, అరకిలో పంపితే చాలు. జింకు పూత ఉన్న బకెట్ వాడితే ఆ జింకే ఫలితంలో కనిపించే ప్రమాదముంది. ఉదజని సూచిక (pH, నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) కూడా చూపించుకోవాలి, ఎందుకంటే క్షార నేలల్లో సీసం, కాడ్మియం మొక్కకు అంత సులభంగా అందవు.

కాడ్మియానికి ఆవాలు, పొద్దుతిరుగుడు వేయవచ్చు. ఆర్సెనిక్‌ను అసాధారణంగా పీల్చుకునే ఒక ఫెర్న్ జాతిని 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన ఎండలకు దానికి తడి తప్పనిసరి. సీసం మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక దాన్ని పైకి లాగే ప్రయత్నం మాని, వట్టివేరు నాటి అక్కడే కట్టడి చేయడం మేలని నా అభిప్రాయం. సీసాన్ని కరిగించే రసాయనాలు చల్లమని కొందరు చెబుతారు. తీరప్రాంతపు ఇసుక నేలల్లో అలా చేస్తే అది బావి నీటిలోకి దిగిపోవచ్చు. ప్రకాశం జిల్లా రైతులకు చిరపరిచితమైన పొగాకు కూడా కాడ్మియాన్ని ఆకుల్లో బాగా చేర్చుకుంటుంది, కానీ ఆ ఆకు చివరికి మనిషి ఊపిరితిత్తుల్లోకే పోతుంది కాబట్టి దాని జోలికి వెళ్లరాదు.

ఎంతకాలం పడుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఎకరంలో 15 సెంటీమీటర్ల పైమట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. కిలో మట్టికి ఒక మిల్లీగ్రాము చొప్పున కాడ్మియం తగ్గాలంటే 900 గ్రాములు బయటికి రావాలి. ఒక పంటకు 2 టన్నుల ఎండు పైరు వచ్చి, దాని ప్రతి కిలోలో 20 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకున్నా తీసింది 40 గ్రాములే. అంటే ఇరవైకి పైగా పంటలు వేయాలి. కాలుష్యం ఇంతకన్నా ఎక్కువగా ఉన్నచోట ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

ప్రకాశం, నెల్లూరు తీరప్రాంతంలో, ముఖ్యంగా నెల్లూరు వైపు, ఈశాన్య రుతుపవనాలే ఎక్కువ వాన తెస్తాయి. ఆ వరదకు కలుషిత మట్టి పక్క పొలాలకు కొట్టుకుపోకుండా అక్టోబరుకు ముందే పల్లపు వైపు గట్టు వేసి, దాని వెంట వట్టివేరు దగ్గర దగ్గరగా నాటాలి. వానలు తగ్గాక, నవంబరు చివర ఆవాలు చల్లాలి. పశువులు రాకుండా కంచె తప్పనిసరి.

పూత నిండుగా ఉండి గింజ పట్టకముందే పైరును వేళ్లతో సహా పీకి, కింద పట్టా పరిచి కప్పు కింద ఎండబెట్టాలి. ఈ పనికి చేతితొడుగులు, మాస్కు వాడాలి. ఎండిన పైరును మేతగా వేయరాదు, కంపోస్టు చేయరాదు, పొయ్యిలో గాని బయట గాని కాల్చరాదు. సంచుల్లో కట్టి, కాలుష్య నియంత్రణ మండలి సూచించిన ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఆ ఏర్పాటు కుదిరిన తర్వాతే విత్తనం వేయాలి.

ఏటా పంట తీశాక అవే చోట్ల మట్టి తీసి మళ్లీ పరీక్ష చేయించాలి. లోహం సురక్షిత స్థాయికి దిగే వరకు అక్కడ ఆకుకూరలు, దుంపలు వేయరాదు.