చెల్లి భుజానికి తారు పూశాను

మారతహళ్లి పీజీలో నా ఆదివారం మొత్తం దీనికే పోయింది. లాల్‌బాగ్‌లో తీసిన ఫొటోలో మా చెల్లి భుజం పొడిపొడిగా గాలికి ఎగిరిపోతున్నట్టు చేయాలి. ఫొటోషాప్‌లో తనను కత్తిరించి వేరే లేయర్‌లో, అంటే ఫొటో పైన ఇంకో పొరలో పెట్టా. దానికి కాపీ తీసి, లిక్విఫైలో (బొమ్మను సాగదీసే పనిముట్టు) పక్కకు బాగా సాగదీసి, నల్ల మాస్క్ వేశా. మాస్క్ అంటే లేయర్‌కి వేసే ముసుగు, నలుపున్న చోట లేయర్ కనపడదు, తెలుపున్న చోట కనపడుతుంది. ఇక కాపీ మీద తెల్ల బ్రష్‌తో రుద్దితే ముక్కలు కనపడాలి, అసలు లేయర్‌కి తెల్ల మాస్క్ వేసి నల్ల బ్రష్‌తో రుద్దితే భుజం చెరగాలి.

ముక్కల్లేవు సరికదా, భుజం మీద నల్ల మరకలు! వాట్సాప్‌లో పంపితే "అన్నయ్యా, నా మీద తారు డబ్బా ఒలికిందా?" అంది.

గంట తర్వాత గానీ వెలగలేదు. లేయర్ల జాబితాలో ఒక్కో లేయర్‌కి ఫొటో బొమ్మ, మాస్క్ బొమ్మ పక్కపక్కనే ఉంటాయి. సన్నటి చట్రం దేని చుట్టూ ఉంటే బ్రష్ దాని మీదే పనిచేస్తుంది. నాది రెండు లేయర్లలోనూ ఫొటో మీదే ఉంది! అన్నీ వెనక్కి తీసి, మాస్క్ మీద నొక్కి మళ్లీ రుద్దా. మెత్తటి గుండ్రటి బ్రష్‌తో పొగలా వచ్చింది, అదో గోల. చిందుల బ్రష్ తీసుకుని యాంగిల్ జిట్టర్ (ముద్ర ప్రతిసారీ వేరే కోణంలో తిరిగే సెట్టింగ్) 100 శాతం పెడితే చీర రంగులోనే ముక్కలు లేచాయి.

ఖాళీల్లోంచి, అడుగున ఉన్న మొదటి ఫొటోలోని పాత భుజం తొంగిచూసింది. తన చుట్టూ సెలెక్షన్ కాస్త పెంచి, కంటెంట్ అవేర్ ఫిల్‌తో (చుట్టుపక్కల బొమ్మను చూసి ఖాళీని నింపేది) బ్యాక్‌గ్రౌండ్‌లోంచి తనను చెరిపేశా.

చెవి కమ్మ జోలికి మాత్రం పోలేదు. కొత్తదట, ఒప్పుకోలేదు.