ఓటు లేకపోయినా చూడాల్సిన ఎన్నికలు: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

మీరు ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చినా, హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చినా, సర్దుకునేలోపే ఏదో ఒక ఎన్నిక వచ్చిపడుతుంది. రెండేళ్లకోసారి నవంబరు మొదటి సోమవారం దాటిన మంగళవారం పెద్ద పోలింగ్ ఉంటుంది. అంతకు నెలల ముందు నుంచే ఇళ్ల ముందు పచ్చికలో అభ్యర్థుల పేర్ల బోర్డులు, టీవీలో ఆగని ప్రకటనలు, మన వాట్సాప్ గ్రూపుల్లో గొడవలు మొదలవుతాయి. నేను 2016 ఆగస్టులో డాలస్ దగ్గరికి వచ్చాను. మూడు అధ్యక్ష ఎన్నికలు చూశాను, ఒక్కదాంట్లోనూ నాకు ఓటు లేదు. కానీ వీసా నియమాలు, పిల్లల బడి, ఇంటి పన్ను ఓటు లేనివాళ్లకూ వర్తిస్తాయి. అందుకే ఈ రాజకీయాన్ని చూడటం నేర్చుకోమంటున్నాను.

అన్నిటికన్నా ముందు మీ కాగితాలు జాగ్రత్త. 1993 చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలోనే ఓటరుగా నమోదు చేయాలా అని అడుగుతారు. పౌరులు కానివారు వద్దు అనే చెప్పాలి. నా రూమ్మేట్‌కు కౌంటర్ దగ్గర ఉద్యోగి అలవాటు కొద్దీ ఆ గడిలో టిక్ పెట్టేశారు. సంతకం పెట్టే ముందు మావాడు చదివాడు కాబట్టి సరిపోయింది. ఫెడరల్ ఎన్నికల్లో పౌరులు కానివారు ఓటు వేయడం నేరం. పౌరుణ్నని తప్పుగా చెప్పినా దేశం నుంచి పంపించే దాకా వెళ్లవచ్చు. ఎన్నో ఏళ్ల తర్వాత పౌరసత్వానికి దరఖాస్తు చేసినప్పుడు ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని మళ్లీ అడుగుతారు. పొరపాటున నమోదు కార్డు ఇంటికి వస్తే దాచిపెట్టకండి, వెంటనే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

డబ్బు విషయమూ అంతే. మనవాళ్ల ఇళ్లల్లో అభ్యర్థుల కోసం విందులు జరుగుతాయి, మొహమాటానికి మిమ్మల్నీ చందా అడుగుతారు. గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు. ఎఫ్-1, హెచ్-1బీ వారు ఏ ఎన్నికకూ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. "నా పేరు మీద ఇస్తాలే, నువ్వు నాకిచ్చెయ్" అని ఎవరైనా అంటే అదీ చట్టవిరుద్ధమే. జీతం లేకుండా వాలంటీరుగా పనిచేయడానికి మాత్రం సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇక పార్టీల సంగతి. ఇక్కడ ప్రధానంగా రెండే, రిపబ్లికన్లు, డెమొక్రాట్లు. మనకు టికెట్ అంటే హైకమాండ్ ఇచ్చే బీఫామ్. ఇక్కడ బీఫామ్ చేతిలో పట్టుకుని కూర్చునే పెద్దమనిషి లేడు. ప్రైమరీ అనే లోపలి ఎన్నికలో ఓటర్లే పార్టీ అభ్యర్థిని తేలుస్తారు. టెక్సాస్‌లో ముందుగా ఏ పార్టీలోనూ నమోదు కానక్కర్లేదు, పోలింగ్ కేంద్రంలో ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు. ఫ్లోరిడాలో అయితే ముందే ఆ పార్టీ ఓటరుగా నమోదై ఉండాలి. గెలిచాక ఎదురుతిరిగినా పదవి పోదు. మన 1985 నాటి పార్టీ ఫిరాయింపుల చట్టం లాంటిది ఇక్కడ లేదు. విప్ ఉంటారు, బతిమాలతారు, బెదిరిస్తారు, అంతవరకే.

ఇది కళ్లారా చూడాలంటే 2017 జులైలో ఎగువ సభ సెనేట్‌లో జరిగిన ఓటింగ్ వీడియో చూడండి. ఒబామా ఆరోగ్య బీమా చట్టంలో కొన్ని భాగాలు తీసేయాలని రిపబ్లికన్లు తెచ్చిన బిల్లు అది. అర్ధరాత్రి దాటాక ఆ పార్టీకే చెందిన జాన్ మెకెయిన్ సభ మధ్యలోకి వచ్చి బొటనవేలు కిందికి తిప్పారు. అదే పార్టీ సెనేటర్లు కాలిన్స్, మర్కౌస్కీ కూడా కాదన్నారు. 49-51తో బిల్లు పోయింది. అవతలి పక్కనా అంతే: 2021 డిసెంబరులో డెమొక్రాట్ సెనేటర్ జో మాంచిన్ తన సొంత పార్టీ అధ్యక్షుడు బైడెన్ పెద్ద బిల్లుకు ఒప్పుకోనని తేల్చేశారు. 2023లో రిపబ్లికన్ కెవిన్ మెకార్తీ దిగువ సభకు స్పీకర్ కావడానికి 15 విడతల ఓటింగ్ పట్టింది. తొమ్మిది నెలలు తిరిగేసరికి సొంత పార్టీవాళ్లే ఎనిమిది మంది, డెమొక్రాట్లతో కలిసి ఓటేసి, ఆయన్ను దించేశారు.

హైకమాండ్ లేదు కాబట్టి ఎవరికి వారే రాజు అనుకోకండి. ఇక్కడి భయమంతా ప్రైమరీలో ఉంది. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన దిగువ సభ రిపబ్లికన్లు పది మంది. తర్వాతి ఎన్నికల్లో గెలిచి సభకు తిరిగొచ్చింది ఇద్దరే. కొందరు పోటీకే దిగలేదు. ఆ పదిమందిలో ఒకరైన లిజ్ చేనీ 2022 ఆగస్టులో వయోమింగ్ ప్రైమరీలోనే ఓడిపోయారు. పార్టీ ఒక్క మాట మీద ఉన్నట్టు కనిపించినప్పుడల్లా దాని వెనక నమ్మకం ఎంత, ఈ భయం ఎంత అని నేను ఆలోచిస్తాను.

నిజాయితీని నేను ఒకే ఒక్క చోట కొలుస్తాను: సొంత పార్టీకి నష్టం తెచ్చే నిజం చెప్పాల్సి వచ్చిన చోట. జార్జియానే తీసుకోండి. కమింగ్, జాన్స్ క్రీక్ అనే ఊళ్ల చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్న రాష్ట్రమే. 2020లో బైడెన్ అక్కడ 11,779 ఓట్ల తేడాతో గెలిచారు. ఎన్నికల బాధ్యత చూసే బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ రిపబ్లికన్, ట్రంప్‌కు ఓటేశానని ఆయనే చెప్పారు. దాదాపు 50 లక్షల ఓట్లు చేత్తో లెక్కించినా ఫలితం మారలేదు. 2021 జనవరి 2న ట్రంప్ ఫోన్ చేసి తనకు 11,780 ఓట్లు వెతికి పెట్టమని అడిగారు. రాఫెన్స్‌పెర్గర్ లెక్క మార్చలేదు. ఆయన విధానాలు నాకు చాలావరకు నచ్చవు, అయినా ఆ పని ముందు తల వంచుతాను.

డెమొక్రాట్లకు అలాంటి పరీక్ష 2024లో వచ్చింది. బైడెన్ వయసు గురించి మామూలు ఓటర్లు ఎప్పటి నుంచో అడుగుతుంటే పార్టీ పెద్దలు చాలామంది ఆయన బాగానే ఉన్నారంటూ వచ్చారు. జూన్ 27న ట్రంప్‌తో జరిగిన అట్లాంటా డిబేట్‌ను దేశమంతా చూశాక ఆ మాట నిలబడలేదు. జులై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు. ముందే నిజం మాట్లాడి ఉంటే ఓటర్లకు ప్రైమరీలో ఎంచుకునే అవకాశమైనా దక్కేది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మీడియా గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదనిపిస్తుంది. ఏ చానల్ ఏ పార్టీదో మన ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఇక్కడ అంత తేలిగ్గా తెలియదు, ఎందుకంటే ఒకే సంస్థలో వార్తా విభాగం వేరు, అభిప్రాయ విభాగం వేరు. పేపర్లో సంపాదకీయం, ఒపీనియన్ అని రాసిన వ్యాసాలు, వార్తలు వేర్వేరుగా ఉంటాయి. ఫోన్‌లో లింకు ఫార్వర్డ్ అయినప్పుడు ఆ గీత చెరిగిపోతుంది. పైన ఒపీనియన్ అన్న చిన్న మాట ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. కేబుల్ చానళ్లలో రాత్రి ఎనిమిది తర్వాత వచ్చేవి ఎక్కువగా వ్యాఖ్యానాలే. 1949 నుంచి ప్రసార సంస్థలు వివాదాస్పద విషయాల్లో రెండు పక్షాల మాటా వినిపించాలనే నిబంధన ఉండేది. 1987లో దాన్ని తీసేశారు. అది రేడియో, టీవీ స్టేషన్లకే తప్ప కేబుల్‌కు ఉద్దేశించింది కాదు.

పక్షపాతం ఒక్క పక్కనే లేదు. 2004లో సీబీఎస్ చానల్ బుష్ సైనిక సేవ గురించి కొన్ని పత్రాలు చూపించింది. అవి అసలైనవని నిరూపించలేమని తర్వాత ఒప్పుకుంది, యాంకర్ డాన్ రాదర్ క్షమాపణ చెప్పారు. 2020 ఎన్నికల తర్వాత ఓటింగ్ యంత్రాల మోసమంటూ ఫాక్స్ న్యూస్‌లో వచ్చిన మాటలపై ఆ యంత్రాలు తయారుచేసే డొమినియన్ కంపెనీ దావా వేసింది. 2023 ఏప్రిల్‌లో ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లిచ్చి రాజీ చేసుకుంది. తెర మీద వినిపించిన ఆ కథలను ఆ చానల్ వాళ్లే చాటున నమ్మలేదని కోర్టు పత్రాల్లో బయటపడింది. సీబీఎస్ తప్పు తొందరపాటుదనుకుంటాను. తెలిసి తెలిసి చూపించడం నా దృష్టిలో అంతకన్నా పెద్ద తప్పు.

ప్రకటనల్ని మాత్రం అసలు నమ్మకండి. అభ్యర్థి ఇచ్చిన ప్రకటనలో అబద్ధమున్నా ప్రసార స్టేషన్ దాన్ని ఆపడానికి, మార్చడానికి వీల్లేదని చట్టం. ఫెడరల్ అభ్యర్థి ప్రకటన అయితే ఈ సందేశానికి నా ఆమోదం ఉందని ఆయన గొంతే వినిపించాలి. ఆ మాట వినిపించకపోతే డబ్బు బయటి సంస్థదని అనుకోవచ్చు. చివర్లో చిన్న అక్షరాల్లో దాని పేరుంటుంది, చదవండి.

నేను రోజూ చూసేది అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ. సమయముంటే సీ-స్పాన్ అనే చానల్లో సభను ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూస్తాను. నాయకుల మాటల్ని సరిచూడటానికి ఫ్యాక్ట్‌చెక్, పొలిటీఫాక్ట్ అనే సైట్లు ఉన్నాయి. ఊరి లైబ్రరీ కార్డు తీసుకోండి, చాలాచోట్ల దాంతో పెద్ద పేపర్లు ఉచితంగా చదవవచ్చు. ఆఫీసులో ఎవరికి ఓటేశారని అడగకండి, ఇక్కడ అది జీతం ఎంతని అడిగినట్టే.

ఎన్నికల రాత్రి మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. మన ఎన్నికల సంఘంలా దేశం మొత్తానికి ఒకేచోట ఫలితాలు ప్రకటించే సంస్థ ఇక్కడ లేదు, లెక్కింపు ఎక్కువగా మన జిల్లాల్లాంటి కౌంటీలదే. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలో పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లను పోలింగ్ రోజు దాకా తెరవకూడదు. అందుకే 2020లో ఆ రెండు రాష్ట్రాల్లో రాత్రి ముందున్నవారు లెక్క సాగేకొద్దీ వెనకబడ్డారు. మంగళవారం పోలింగ్ అయితే అసోసియేటెడ్ ప్రెస్ విజేతను శనివారం ప్రకటించింది. అంకెలు మారుతుంటే గ్రూపులో మోసం మోసం అని మెసేజ్‌లు వస్తాయి. వాటిని ఎవరికీ పంపకుండా ఫోన్ పక్కన పెట్టి పడుకోండి, లెక్క పూర్తయ్యాక చూడవచ్చు.