పాపాయికి అరుదైన పేరు: అర్థం, పుట్టుక తేల్చుకుని పెట్టడం ఎలా?

పురుడు 11వ రోజున చేసుకున్నా, 21వ రోజున బారసాల చేసుకున్నా, బియ్యంలో ఉంగరంతో రాసే వేళకు పేరు ఖాయమై ఉండాలి. ఫోన్‌లో వెతికితే వందల పేర్లు వస్తాయి. ప్రతి పేరు పక్కనా "లక్ష్మీదేవి", "విష్ణువు అంశ", "వెలుగు" అని ఒక అర్థం ఉంటుంది. అందులో చాలావాటికి ఏ నిఘంటువులోనూ ఆధారం ఉండదు. బిడ్డ జీవితాంతం మోసే పేరు కాబట్టి, తేల్చుకోవడానికి రెండు మూడు సాయంత్రాలు కేటాయించండి.

ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాయండి: జన్మనక్షత్రం అక్షరం, ఇంట్లో ఉన్న మొక్కు, తాతమ్మల పేర్లు. ఈ మూడూ తేలకుండా పేర్లు వెతికితే చివరి రోజున పెద్దవాళ్ళతో గొడవ తప్పదు.

నక్షత్రాలు 27, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు. చిక్కు ఎక్కడంటే, కొన్ని అక్షరాలతో తెలుగులో గానీ సంస్కృతంలో గానీ మాటలే మొదలు కావు. హస్త మూడో పాదానికి "ణ", ఆర్ద్ర మూడో పాదానికి "ఙ" వస్తాయి. అర్థం లేని పేర్లు పుట్టుకొచ్చేది ఇక్కడే. ణకారంతో పేరు అల్లుకోవాల్సిన అవసరం లేదు. అదే నక్షత్రంలో ఇంకో పాదం అక్షరం తీసుకోవచ్చు. హస్తకు "పూ" ఉంది, పూర్ణ వస్తుంది. ఆర్ద్రకు "కు" ఉంది, కలువ అనే అర్థంలో కువలయ వస్తుంది. నక్షత్రనామాన్ని చెవిలో చెప్పి, నలుగురూ పిలిచే పేరు వేరే పెట్టుకోవడమూ ఆచారంలో ఉన్నదే. మీ పురోహితుణ్ణి ముందుగానే అడగండి.

అరుదైన పేరు కావాలనుకునేవాళ్ళు మొదట తిరగాల్సింది సొంత ఊరి పేర్ల మధ్యే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నన్ని ప్రత్యేకమైన పేర్లు ఫోన్ జాబితాల్లో దొరకవు.

పెంచలయ్య, పెంచలమ్మ అన్న పేర్లు వినగానే "మీది నెల్లూరు వైపా?" అని అడుగుతారు. రాపూరు దగ్గర పెంచలకోనలో వెలసిన నరసింహస్వామి పేరది. పెనుశిల, అంటే పెద్ద రాయి, వాడుకలో పెంచల అయింది. వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ స్వామి పేరు మీద మాలకొండయ్య, మాలకొండమ్మ, మాల్యాద్రి వచ్చాయి. మాల్యం అంటే పూలదండ, అద్రి అంటే కొండ. ఈ మొక్కు ఉన్న ఇంట్లో ఆడపిల్ల పుడితే "మాల్య" అని పిలుచుకోవచ్చు. పలకడానికి తేలిక, అర్థం ఉంది, స్వామి పేరూ నిలుస్తుంది.

దస్తగిరి సంగతి కాస్త నిదానంగా చూడాలి. చివర "గిరి" ఉంది కదా అని కొండ అనుకుంటారు. కాదు, ఇది పారశీక మాట. దస్త్ అంటే చేయి (దస్తావేజులో ఉన్నదీ అదే), గీర్ అంటే పట్టుకునేవాడు. చేయి పట్టి ఆదుకునేవాడని అర్థం. సూఫీ గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీకి ఉన్న బిరుదు ఇది. కసుమూరు దర్గా మస్తాన్ వలీ పేరు మీద వచ్చిన మస్తానయ్య, మస్తానమ్మ కూడా ఇలాంటివే. పారశీకంలో "మస్త్" అంటే మత్తులో ఉన్న అని, సూఫీల మాటలో దైవప్రేమలో మునిగిపోయిన అని. హిందువుల ఇళ్ళలోనూ ఈ పేర్లు తరతరాలుగా ఉన్నాయి. ఇంత మంచి అర్థం ఉన్న తాత పేరును "పాతది" అని పక్కన పెట్టేముందు ఒకసారి ఆలోచించండి.

పెంటయ్య, పెంటమ్మ అన్న పేర్లు వింటే ఇప్పటివాళ్ళు మొహం చిట్లిస్తారు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, తర్వాతి బిడ్డనైనా చావు కన్నెత్తి చూడకూడదని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసి పెట్టుకున్న పేర్లవి. ఈ రోజు పెట్టుకోరు, సరే. తాతమ్మకు ఆ పేరుంటే దాని వెనక ఉన్న కన్నీళ్ళు మాత్రం పిల్లలకు చెప్పండి.

అచ్చ తెలుగులో మొల్ల ఉంది. మల్లె జాతి పువ్వు, రామాయణం రాసిన కవయిత్రి పేరు. తొలకరి, వెన్నెల, పున్నమి కూడా పేర్లకు పనికొస్తాయి. పెన్నానది సంస్కృత నామం పినాకిని. పినాకం శివుడి విల్లు, అది పట్టినవాడు పినాకి, దానికి స్త్రీలింగం పినాకిని. ఆ పేరుతో రైలు మన ఊళ్ళ మీదుగా రోజూ తిరుగుతుంది కాబట్టి పలకడం ఎవరికీ నేర్పక్కర్లేదు. వేదంలో నుంచి కావాలంటే అహన ఉంది. ఋగ్వేదంలో ఉషస్సుకు వాడిన పేరది.

నచ్చిన పేర్లు ఐదారు తేలాక ఒక్కోదాన్ని విడగొట్టి చూడండి. ఉదాహరణకు రేయాన్ష్. చివరి ముక్క తీసేయండి. అది సంస్కృతంలో "అంశ". శకారం ఉండాలి, "అన్ష్" అన్నది ఇంగ్లీషు అక్షరాల నుంచి తిరిగి తెలుగులోకి వచ్చిన రూపం. మిగిలింది "రేయ్". సంస్కృతంలో దానికి వెలుగు అన్న అర్థం లేదు, తెలుగులో రేయి అంటే రాత్రి. జాబితాలో "వెలుగులో భాగం" అని రాసి ఉన్నా, తెలుగు చెవికి వినపడేది చీకటే. అదే శివాంశ్ అయితే శివ, అంశ రెండూ సరిగ్గా నిలబడతాయి.

ముక్కలు చేశాక ప్రతి ముక్కనూ నిఘంటువులో చూడండి. తెలుగు మాటలకు శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సంస్కృతానికి ఆప్టే, మోనియర్ విలియమ్స్ చాలు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో తెలుగు నిఘంటువులు చాలావరకు ఒకేచోట వెతకొచ్చు. దస్తగిరిలా వేరే భాష నుంచి వచ్చింది కాకుండా, రెండు చోట్లా దొరకని ముక్క ఉంటే ఆ పేరు కల్పితమే అనుకోవచ్చు. కల్పిత పేరు పెట్టుకోకూడదని కాదు, లేని అర్థాన్ని నమ్మి పెట్టుకోవద్దు.

ఒత్తు, దీర్ఘం, శ-ష తేడా దగ్గర ఇంకా జాగ్రత్త. ఆశ్రిత అంటే ఆశ్రయం పొందినది, దీర్ఘం పోయి అశ్రిత అయితే ఆశ్రయం లేనిదన్న అర్థం వస్తుంది. క్రిష్ అని ముద్దుగా పిలిచే పేరును "కృశ్" అని రాస్తే బక్కచిక్కినవాడు అవుతాడు. తృష అంటే దాహం. వినడానికి బాగుందని పెట్టేవాళ్ళకు ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

తర్వాత పిలిచి చూడండి. వాకిట్లో నిలబడి వీధి చివరికి వినపడేలా పిలవండి. ఇంటిపేరు కలిపి పలకండి. పేరు చివర అమ్మ, గాడు చేర్చి చూడండి, అవ్వలూ స్నేహితులూ ఎలాగూ చేరుస్తారు. రమణమ్మను రవణమ్మ చేసిన నోళ్ళు మనవి, ఋత్విక్‌ను రుత్తిక్కు చేయకుండా వదలవు. అవ్వ చేత మూడుసార్లు పలికించండి. మూడుసార్లూ ఒకే తీరున తప్పు పలికితే, రేపు ఊరంతా అలాగే పిలుస్తుంది.

ఇక రిజిస్ట్రేషన్. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. పేరు అప్పటికి తేలకపోతే తొందరపడి ఏదో ఒకటి రాయించకండి. పేరు లేకుండానే నమోదు చేసి, 12 నెలల్లోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించాలి. అంతదాకా లాగకండి. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం, పాస్‌పోర్టు వంటి పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం.

ఆసుపత్రిలో గానీ సచివాలయంలో గానీ పేరు నోటితో చెప్పి వదిలేయకండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయండి. బర్త్ సర్టిఫికెట్‌లో "కె." అని ఉండి ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే, పాస్‌పోర్టు సమయంలో తిప్పలు మొదలవుతాయి. ఇంగ్లీషులో త-ట, ద-డ కలిసిపోతాయి కాబట్టి త కోసం "టి హెచ్" రాయాలా వద్దా అన్నది ఇంట్లోనే తేల్చుకోండి. అహనకు మొదట ఒక్క "ఎ" చాలు, రెండు పెడితే బడి రిజిస్టరులో ఆహన అయిపోతుంది. సంఖ్యాశాస్త్రం ప్రకారం అక్షరం చేర్చాలనుకుంటే అదీ నమోదుకు ముందే చేర్చండి.

సర్టిఫికెట్ చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండు భాషల్లోనూ ఒక్కో అక్షరం చదవండి. తప్పుంటే అప్పుడే దిద్దించండి. ఆధార్‌కు దరఖాస్తు చేసేది ఆ తర్వాతే.