పెయింటింగ్‌లోని బల్ల చేయాలంటే

న్యూయార్క్ క్లాయిస్టర్స్ మ్యూజియంలో ఉన్న మెరోడ్ ఆల్టర్‌పీస్ అనే మూడు పలకల క్రైస్తవ చిత్రం (సుమారు 1427–32) మధ్య పలకలో మేరీ వెనక ఉన్న పొడవాటి బల్ల చూడండి. దాని వీపు పట్టీ అటూ ఇటూ తిరుగుతుంది, అంటే బల్ల కదపకుండానే చలిమంటకు ఎదురుగానో వీపు పెట్టో కూర్చోవచ్చు, ఎంత చక్కటి ఆలోచనో!

బొమ్మలో గది బాగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లోతు కొలతలు అందులోంచి తీయకండి. కూర్చునే ఎత్తు 45 సెం.మీ. అనుకుని, మిగతా ఎత్తులు దాంతో పోల్చి లెక్కేయండి.

వీపు పట్టీ తిరిగే ఇరుసు సరిగ్గా బల్ల లోతు మధ్యలో ఉండాలి, లేకపోతే ఒకవైపు వాలు ఎక్కువైపోతుంది. ముందు అట్టముక్కతో నమూనా చేసి తిప్పి చూడండి.

కలప ఓక్ అయితే మంచిది, దొరక్కపోతే టేకు. అతుకులకు స్క్రూలు వద్దు, చెక్క శీలలే వాడండి: లోపలికి దూరే నాలుక మీద రంధ్రాన్ని, బయటి చెక్క రంధ్రం కంటే భుజం (నాలుక మొదలయ్యే మెట్టు) వైపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిపి వేస్తే, శీల దిగేకొద్దీ అతుకు తనంతట తానే బిగుస్తుంది.

బల్ల కొనల మీది చిన్న సింహాలు, కుక్కలు మాత్రం బిగించకముందే చెక్కేయండి, తర్వాత ఉలి తిరగదు.