సోబర్ లివింగ్ ఇల్లు, ఇరుగుపొరుగు: నిర్వాహకులకు సూచనలు

మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం నుంచి కోలుకుంటున్నవారు కలిసి నివసించే ఇళ్లను అమెరికాలో సోబర్ లివింగ్ హోమ్‌లు అంటారు. ఇవి ఆస్పత్రులు కావు, మామూలు వీధుల్లోని మామూలు ఇళ్లే. 1975లో మేరీల్యాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతిలో నివాసులే ఓటు వేసుకుని ఇల్లు నడుపుతారు, ఖర్చులు పంచుకుంటారు, మళ్లీ తాగినవారిని బయటికి పంపుతారు. మీ ఇంట్లోనూ ఈ చివరి నియమం ఉంటే, పొరుగువారికి అన్నిటికంటే ముందు దానినే చెప్పండి.

చట్టం చాలావరకు మీ పక్షానే ఉంది. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టానికి 1988లో జరిగిన సవరణ వైకల్యం ఉన్నవారికి కల్పించిన రక్షణ, వ్యసనం నుంచి కోలుకుంటున్నవారికి కూడా వర్తిస్తుంది. ప్రస్తుతం చట్టవిరుద్ధంగా మాదకద్రవ్యాలు వాడుతున్నవారికి మాత్రం వర్తించదు. బంధుత్వం లేనివారు ఐదుగురికి మించి ఒక ఇంట్లో ఉండరాదనే నిబంధనను చూపి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ నగరం ఒక ఆక్స్‌ఫర్డ్ హౌస్‌కు అడ్డుపడినప్పుడు, అటువంటి నిబంధనకు ఈ చట్టం నుంచి మినహాయింపు లేదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా మొదటి పలకరింపులోనే ఈ తీర్పు ఎత్తితే గొడవకు కాలుదువ్వినట్టే అవుతుంది.

ఇంట్లో దిగిన మొదటి వారంలోనే హౌస్ మేనేజర్ స్వయంగా అటూ ఇటూ ఉన్న ఇళ్లకు వెళ్లి, తన పేరూ ఫోన్ నంబరూ రాసి ఇవ్వాలి. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ మోగినా ఎత్తగలిగిన వ్యక్తి నంబరే ఇవ్వాలి, ఎందుకంటే ఆ ఫోన్ ఎవరూ ఎత్తకపోతే పొరుగువారు తర్వాత పిలిచేది పోలీసులనే. నివాసులలో ఎవరు ఏ వ్యసనంతో వచ్చారో ఎంత చనువుగా అడిగినా చెప్పకూడదు.

తగాదాలు ఎక్కువగా పుట్టేది వ్యసనం వల్ల కాదు, కార్ల వల్ల. పదిమంది పెద్దవాళ్లున్న ఇంటికి పది కార్లు రావచ్చు. సత్యనారాయణ వ్రతం నాడు వీధంతా కార్లతో నింపే మన తెలుగు ఇళ్లకు ఈ ఫిర్యాదు కొత్తేమీ కాదు. ఇంటి ముందు ఎన్ని కార్లు నిలపవచ్చో ముందే లెక్క కట్టి, ఆ సంఖ్యను నివాసులతో చేసుకునే ఒప్పందంలోనే రాయాలి. మద్యం మానినవారిలో పొగతాగేవారు చాలామంది ఉంటారు కనుక, వారికి పొరుగింటి కిటికీకి దూరంగా పెరట్లో చోటు చూపించాలి. గడ్డి కోయడం, చెత్తడబ్బాలు వేళకు లోపలికి తేవడం వంటివి వంతులవారీగా పంచితే సరిపోతుంది.

నివాసి ఒకరు తాగి వీధిలో గొడవ చేస్తే, పొరుగువారు అడిగేదాకా ఆగకుండా మరునాడే వారి దగ్గరకు వెళ్లాలి. ఆ వ్యక్తి పేరూ గతమూ చెప్పకుండా, జరిగినదానికి క్షమాపణ కోరి, ఇంటి నియమం ప్రకారం తీసుకున్న చర్య ఏమిటో మాత్రం తెలియజేయాలి.