సబ్సిడీ లోన్‌కు దరఖాస్తు పెట్టేముందు

పాలమూరు, నల్లగొండ ఊళ్లల్ల పచ్చళ్లు, సకినాలు, మగ్గం వర్క్ ఇంట్లోనే మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

• ఎవరికీ ఫీజు కట్టకండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు సర్కారు నమోదు) ఉచితం. దొంగ వెబ్‌సైట్లు అచ్చం సర్కారువాటి లెక్కనే ఉంటయి. అడ్రస్ చివర 'గవ్.ఇన్' (gov.in) ఉందా చూడండి. 'లోన్ పాస్ చేయిస్త, నా కమీషన్ నాకియ్యి' అనే అన్నలకు దండం పెట్టి పంపండి. కొత్త యూనిట్‌కు సబ్సిడీ లోన్ ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీలో దళారులకు చోటే లేదు.

• సబ్సిడీ చేతికి రాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఊళ్లో 5 లక్షల యూనిట్ పెట్టే మహిళకు పీఎంఈజీపీ కింద 35 శాతం, అంటే 1.75 లక్షలు మంజూరైతది. అది 3 ఏళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీలో తేలినంకనే అప్పులో జమైతది. మీ వాటా 5 శాతం, అంటే 25 వేలు, ముందే చూసుకోండి. ఆ సబ్సిడీని నమ్ముకొని బిడ్డ పెండ్లి పెట్టుకోవద్దు!

• పచ్చళ్ల పని ఇప్పటికే నడుస్తుంటే పీఎంఎఫ్ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకు కేంద్ర సబ్సిడీ పథకం) అడగండి. పీఎంఈజీపీ మొదటి లోన్ కొత్త యూనిట్లకే.

• ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాన్‌లో అత్తింటిది ఉంటే ఫైలు ఆగుతది. ముందు మీసేవలో సరిచేయించండి.

• సంఘం లోన్ కిస్తీలు బాకీ ఉంటే కట్టేయండి.

• పని రాకపోతే బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ కేంద్రం ఆర్‌సెటీలో శిక్షణ, భోజనం ఉచితం.

• అనుమానముంటే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి, జిరాక్స్ సెంటర్‌లో కాదు.