మనిషొకడు, బాక్సులు రెండు (మామూలు కెమెరా + థర్మల్: 4వ పాఠం)

బండి ముందున్న మనుషుల్ని గుర్తించి చుట్టూ బాక్సు గీసే మోడల్ తయారుచేస్తున్నాం కదా. పోయిన పాఠంలో మామూలు ఇమేజ్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్ల మీద థర్మల్ (వేడిని చూపే) ఇమేజ్‌ను నాలుగో ఛానల్‌గా పేర్చమన్నాను. చాలామందికి ఒకే మనిషి చుట్టూ రెండు బాక్సులు వచ్చాయి. ట్రైనింగ్ మళ్లీ మొదలుపెట్టకండి, మోడల్ తప్పేమీ లేదు. ఇమేజ్‌లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదు. థర్మల్‌లో మనుషులే కనిపించనివాళ్లు మాత్రం థర్మల్ కెమెరాను బండి అద్దం వెనక నుంచి తీసేయండి. అది చూసే 8–14 మైక్రాన్ల కిరణాలు మామూలు గాజులోంచి దాటవు.

సైజు సమానం చేయడం మీకు వచ్చు. కానీ సైజు కలిస్తే ఇమేజ్‌లు కలిసినట్టేనని అనుకుంటున్నారు, నాకు చిరాకు తెప్పించేది అదే. లెన్సుల మధ్య 10 సెంటీమీటర్ల ఎడం, ఫోకల్ లెంగ్త్ రెండింటికీ 800 పిక్సెళ్లు అనుకుందాం. 800ని 0.1తో గుణించి, మనిషి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నాడో దాంతో భాగిస్తే జరుగుడు, అంటే రెండు ఇమేజ్‌లలో ఆ మనిషి ఎన్ని పిక్సెళ్లు పక్కకు జరిగి కనిపిస్తాడో, వస్తుంది. 5 మీటర్ల దగ్గర 16 పిక్సెళ్లు, 20 దగ్గర 4, 80 దగ్గర 1.

ఇప్పుడు 20 మీటర్ల దగ్గర రెండు ఇమేజ్‌లూ కలిసేలా సరిపెట్టి వదిలేశారనుకోండి. 5 మీటర్ల మనిషి 12 పిక్సెళ్లు తప్పుతాడు, 80 మీటర్ల మనిషి 3. మూడేగా అని ఊరుకోకండి! అర మీటరు వెడల్పున్న మనిషి దగ్గరలో 80 పిక్సెళ్లుంటాడు, 80 మీటర్ల దగ్గర 5 మాత్రమే. దగ్గరివాడిలో తప్పింది 15 శాతం, దూరపువాడిలో 60. బండి ఆగడానికి టైమ్ కావాలంటే ముందు దొరకాల్సింది ఆ దూరపువాడే.

ఒక్క హోమోగ్రఫీ (ఒక ఇమేజ్‌ను ఇంకోదాని మీదికి సరిపెట్టే లెక్క) ఒకే సమతలానికి సరిపోతుంది, రోడ్డంతటికీ కాదు. 2015లో వచ్చిన కైస్ట్ (దక్షిణ కొరియా యూనివర్సిటీ) డేటాసెట్‌కు బీమ్ స్ప్లిటర్ (వచ్చే కిరణాలను రెండుగా విడదీసే పరికరం) వాడి, రెండు కెమెరాలూ ఒకే చోటు నుంచి చూసేలా అమర్చారు. మన దగ్గర అది లేకపోతే, నేనైతే పిక్సెళ్లను కలపను. రెండింటికీ విడివిడిగా ఫీచర్లు (నెట్‌వర్క్ ఇమేజ్‌లోంచి పట్టే గుర్తులు) తీసి నెట్‌వర్క్ మధ్యలో కలుపుతాను. అడ్డంగా నాలుగు పిక్సెళ్లు ఒక గడిగా కుదిరిన ఫీచర్ మ్యాపులో 3 పిక్సెళ్ల తప్పు ఒక గడి కూడా ఉండదు. 12 అయితే మూడు గడులు, కాబట్టి దగ్గరివాళ్ల కోసం సరిపెట్టే పని తప్పదు.

అభ్యాసం: 60 ఇమేజ్ జతల్లో (మామూలుదొకటి, థర్మల్‌దొకటి) ఒకే మనిషి తల పైభాగాన్ని రెండు ఇమేజ్‌లలోనూ చేత్తో గుర్తించండి. దగ్గర, మధ్య, దూరం, ఒక్కోదానికి 20. సగంమంది నిలబడినవాళ్లు, సగంమంది అడ్డంగా నడిచేవాళ్లు ఉండాలి. నడిచేవాళ్లలోనే తేడా ఎక్కువైతే అది లెన్సుల ఎడం వల్ల కాదు, ఫ్రేముల టైమ్ కలవలేదు. సెకనుకు 30 ఫ్రేములు తీసేటప్పుడు ఒక్క ఫ్రేము వెనకబడితే, సెకనుకు 1.5 మీటర్లు నడిచే మనిషి 5 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. 5 మీటర్ల దగ్గర అది 8 పిక్సెళ్లు.